పోయేటప్పుడు వెనక గాలి

డైవింగ్ బోటు మీద నాకో పేరుండేది: ముప్పై నిమిషాలు. నీళ్ళ కింద ఊపిరికని వీపున కట్టుకునే గాలి సిలిండరు నాకు అంతసేపే వచ్చేది మరి.

లెక్క చిన్నదే. పన్నెండు లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపి ఇస్తారు. అందులో 50 బార్లు మిగలగానే పైకి వచ్చెయ్యాలి. పది మీటర్ల లోతున ప్రతి ఊపిరికీ పైనకంటే రెండింతల గాలి ఖర్చవుతుంది, ఇరవై మీటర్ల దగ్గర మూడింతలు. యూఏఈ తూర్పు తీరంలో ఖోర్‌ఫక్కాన్ దగ్గర మార్టిని రాక్ అని ఒక మునిగిన కొండ ఉంది. ఒళ్ళంతా మెత్తటి పగడాలతో ఊదారంగు తివాచీ పరిచినట్టుంటుంది. మిగతావాళ్ళు దాని చుట్టూ తీరిగ్గా తిరుగుతుంటే నేను సగంలోనే పిడికిలి బిగించి గుండెకి ఆనించేవాణ్ణి. గాలి అయిపోవస్తోందని సైగ. ఒంటరిగా పైకి రాకూడదు కాబట్టి మా ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్, ఫిలిప్పినో, పాపం నాతోపాటు తన సిలిండరులో సగం గాలి వదులుకుని వచ్చేవాడు. ఎప్పుడూ ఏమీ అనలేదు. అదే ఇంకా బాధ.

చివరికి గైడే నా పొట్టవైపు ఓసారి చూసి, "సైకిల్ తొక్కు" అన్నాడు.

దుబాయిలో నాది టెండర్లకి లెక్కలు కట్టే పని. ఎన్ని మీటర్ల పైపు, ఎన్ని బోల్టులు, ఎంతమంది కూలీలు, ఎన్ని రోజులు. పొద్దున్న ఎనిమిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఏడింటికి లేస్తాను. ఊపిరితిత్తుల తప్పేమీ లేదు, తప్పంతా కుర్చీదే. సరే అని 3,500 దిర్హాములు పెట్టి ఒక సెకండ్‌హ్యాండ్ రోడ్ బైక్ కొన్నాను. వీడియో కాల్‌లో చూపిస్తే కాకినాడలో మా అమ్మ మొహం మారిపోయింది. "కారేమైందిరా? ఉద్యోగం ఉందా?" అంది. మా వీధిలో పెద్దవాడు సైకిలెక్కాడంటే పాలు పోయడానికో, పరిస్థితి బాగోకో. సరదాకి తొక్కుతున్నానని నమ్మించడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా నమ్మిందని చెప్పలేను.

సముద్రం నేర్పినవి రోడ్డు మీద పనికొస్తాయనుకున్నాను. దాదాపు అన్నీ ఎదురు తిరిగాయి. నీళ్ళలో కదలకుండా నిలబడటమే విద్య: పైకి వచ్చేముందు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు గాలి లేని చోట దీపంలా వేలాడాలి, అది వచ్చాకే డైవరు. సైకిలు ఆగిందా, పడ్డట్టే. బూట్లు పెడళ్ళకి బిగుసుకుని ఉంటాయి, మడమ పక్కకి తిప్పితేగానీ ఊడవు. మొదటివారం సిగ్నల్ దగ్గర, స్కూలు బస్సు పక్కన, నిలబడినవాణ్ణి నిలబడినట్టే పక్కకి ఒరిగిపోయాను. బస్సులో పిల్లలు చప్పట్లు కొట్టారు.

నీళ్ళలో ఫిన్స్‌తో, అంటే పాదాలకి తొడిగే రెక్కలతో, కాళ్ళు ఎంత నెమ్మదిగా ఆడిస్తే అంత గాలి మిగులుతుంది. ఆ అలవాటుతో బరువైన గేరు వేసి నిదానంగా తొక్కితే నెలలోపే మోకాళ్ళు పట్టేశాయి. తేలిక గేరులో నిమిషానికి ఎనభై, తొంభై సార్లు కాళ్ళు తిప్పాలట. ఊపిరి కూడా అంతే. పొదుపుగా పీల్చబోయి కళ్ళు తిరిగి ఆగిపోయాను. ఇక్కడ గాలి ఫ్రీ అన్న సంగతి ఒంటికి తెలియడానికి కొంతకాలం పట్టింది.

సైగల సంగతి చెప్పకపోతే ఎలా! ఓసారి గుంపుతో వెళ్తుంటే తొడ పట్టేసింది. అలవాటుకొద్దీ అరచెయ్యి బోర్లా చాపి అటూ ఇటూ ఊపాను. నీళ్ళలో అయితే "నాకేదో తేడాగా ఉంది" అని అర్థం, పక్కవాడు వెంటనే వచ్చి పట్టుకుంటాడు. వెనకవాళ్ళు మాత్రం దారి ఇస్తున్నాననుకుని థాంక్స్ చెప్పి మరీ దాటుకుపోయారు.

2022లో ఇక్కడ వారాంతం శని, ఆదివారాలకి మారింది. ఉన్నవి ఆ రెండు రోజులే, పెట్టుకున్నవి రెండు సరదాలు. డైవ్ చేశాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, ఒక రోజుదాకా ఒళ్ళు విరిగే వ్యాయామం పెట్టుకోవద్దంటారు. అందుకని శనివారం సైకిలు, ఆదివారం సముద్రం. మధ్యలో మంచినీళ్ళు కుండలకొద్దీ తాగాలి, ఒళ్ళు ఎండిపోయి ఉంటే డైవింగ్‌కి మంచిది కాదు. సోమవారం ఆఫీసులో బోల్టుల లెక్క మీద తల వాల్చి నిద్ర. ఆరు నెలలకి నా సిలిండరు నలభై రెండు నిమిషాలు వచ్చింది. బోటు మీద పేరు మాత్రం మారలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం అల్ ఖుద్రా ట్రాక్‌కి ఒక్కణ్ణే వెళ్ళాను. ఎడారిలోకి సైకిళ్ళ కోసమే వేసిన తారు దారి అది. ఊరి అంచునుంచి ఇసుకలోకి సాగి, లోపల యాభై కిలోమీటర్ల చుట్టుగా తిరుగుతుంది. అదృష్టం బాగుంటే తెల్లటి ఓరిక్స్ జింకలు దారికి అడ్డంగా నడిచిపోతాయి. ఆ రోజు నేను వాటిని చూసే స్థితిలో లేను. హ్యాండిల్ మీది సైకిల్ కంప్యూటర్‌లో 34 కనిపిస్తోంది మరి! గంటకి ముప్పై నాలుగు కిలోమీటర్లు, చెమట కూడా లేదు. నా అంతటివాడు లేడనుకున్నాను.

డైవింగ్‌లో మొదటి పాఠం ఏమిటంటే, ముందు ప్రవాహానికి ఎదురెళ్ళు, అలిసిపోయాక అదే నిన్ను బోటు దగ్గరికి తెచ్చి వదులుతుంది. రెండొందలసార్లు విని ఉంటాను. పదిహేనో కిలోమీటరు దగ్గర వెనక్కి తిరిగేసరికి చెంప మీద కొట్టినట్టు తగిలింది గాలి. షమాల్. వాయవ్యం నుంచి, సముద్రం వైపునుంచి ఎడారిలోకి వీచే గాలి. ఇంతసేపూ తొక్కింది నేను కాదు. 34 కాస్తా 14 అయ్యింది. ఇసుక పాముల్లా దారి మీద పాకుతోంది. బోల్టులతో సహా లెక్క కట్టేవాణ్ణి, తిరుగు ప్రయాణం లెక్కలోనే వేసుకోలేదు.

ఇంకా పదకొండు కిలోమీటర్లు ఉందనగా ముందు టైరు పోయింది. దగ్గరున్న ఒక్క ట్యూబూ మార్చి, గాలి కొట్టుకుని ఎక్కితే రెండొందల మీటర్లలో మళ్ళీ గాలి పోయింది. "నీ దుంప తెగ" అన్నాను గట్టిగా, సైకిల్‌నే.

"తెలుగోళ్ళా సార్?"

చెట్లకి నీళ్ళు పెట్టే మనిషి. నీలం యూనిఫాం, మొహానికి తువ్వాలు, ముందు బుట్ట ఉన్న పాత సైకిలు, క్యారియర్‌కి అడ్డంగా కట్టిన పార. జగిత్యాల దగ్గరి పల్లె, వచ్చి పదకొండేళ్ళు. వంగి నా చక్రం అందుకున్నాడు.

"టైరు లోపట చెయ్యి వెట్టి సూసిండ్రా? ముల్లు అట్లనే ఉంటె ఎన్ని ట్యూబులు మార్చినా గంతే."

బొటనవేలు టైరు లోపలంతా మెల్లగా తిప్పుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు. గోళ్ళతో లాగితే బియ్యపు గింజంత ముక్క వచ్చింది. వెలుగుకి పెట్టి చూశాడు. "సర్కారు తుమ్మది సార్. మా ఊర్ల చెరువు కట్ట నిండ ఇదే." ఈ చెట్టు మనకూ బయటినుంచి వచ్చిందే, ఎడారికీ బయటినుంచి వచ్చిందే. నాటినవాళ్ళు వదిలేసినా అది వదల్లేదు, రెండుచోట్లా.

ట్యూబుకి కొద్దిగా గాలి కొట్టి, పెదవుల దగ్గర పెట్టుకుని తిప్పాడు. బకెట్టు నీళ్ళు లేకపోతే చిల్లి ఎక్కడుందో పెదవికే తెలుస్తుందట. బుట్టలోంచి గరుకు కాగితం, సొల్యూషన్ ట్యూబు తీసి రుద్ది, పూసి, ఊదుతూ ఆరబెట్టి ప్యాచ్ అంటించాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. సైకిల్ ఎత్తి చూసి, అంత తేలికగా లేచేసరికి నవ్వాడు.

"ఎంత వడ్డది సార్?"

ఎందుకో నోరు రాలేదు. "పదిహేను వందలు" అన్నాను.

"నెలన్నర జీతం" అన్నాడు, అందులో ఎత్తిపొడుపేమీ లేకుండా.

తనదీ అటేనట, రోడ్డుదాకా. తను ముందు కదిలాడు. నిటారుగా కూర్చుని, బూటు మడమలతో తొక్కుతూ, ఆ గాలిలోకి తలుపులా వెళ్తున్నాడు. వెనక చేరాను. మూరెడు దూరంలో ముందు మనిషి ఉంటే గాలి అతనికే తగులుతుంది, వెనకవాడికి చాలా కష్టం తగ్గుతుంది. పందేల్లో వంతులవారీగా ముందుకొచ్చి ఆ కష్టం మోస్తారు.

"ముందుకు వోండ్రి సార్, నాది మెల్లగ వోతది" అన్నాడు వెనక్కి తిరిగి.

"పర్లేదు, మీరు పదండి" అన్నాను.

కంప్యూటర్‌లో 13. తల వంచుకుని పార కర్ర మీదే చూపు పెట్టి తొక్కాను.