మావయ్యా, గ్లైడర్‌కి ఏ రిమోట్ కొనాలి?

పోయిన వారం గుణుపురం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. రెండేళ్లుగా నా పాత ఫోమ్ గ్లైడర్ (రిమోట్‌తో నడిపే, గాలి మీద తేలే బొమ్మ విమానం) మీద, నా రిమోట్‌తోనే నేర్చుకున్నాడు, ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులు పడ్డాయి, సొంతది కొనుక్కుంటానంటున్నాడు. "మావయ్యా, ఎన్ని ఛానెళ్లది తీసుకోమంటావు?" అని అడిగాడు. అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఫోన్లో చెప్పాలని చూశాను గానీ అరగంట మాట్లాడినా సగం కూడా అవలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను, రాయగడ చుట్టుపక్కల, పార్వతీపురం వైపు ఈ ఆట మొదలుపెట్టే ఇంకెవరికైనా కూడా పనికొస్తుంది.

ఛానెళ్ల లెక్క ఒక్క నిమిషంలో తేలిపోతుంది, రిమోట్‌తో విడిగా కదిపే ఒక్కో భాగానికీ ఒక్కో ఛానెల్. రెక్కకొక ఎయిలెరాన్ (పక్కకి వంచే పలక), రెక్కకొక ఫ్లాప్ (రెక్క వంపు మార్చే పలక), అంటే నాలుగు సర్వోలు (వాటిని కదిపే చిన్న మోటార్లు). తోక దగ్గర ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్, పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ రెండు, మొత్తం ఆరు. ముక్కులో మోటారు ఉంటే ఏడు. ఎనిమిది ఛానెళ్లుంటే మన దగ్గర ఎగిరే ఏ గ్లైడర్‌కైనా సరిపోతుంది. పదహారు ఉన్నాయని ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

అసలు చూడాల్సింది వేరే. గ్లైడర్ వంద మీటర్ల ఎత్తులో, మన నుంచి రెండు మూడు వందల మీటర్ల దూరంలో ఉన్నప్పుడు సన్నటి గీతలా కనపడుతుంది. ఒక్కసారి తల దించి రిమోట్ స్క్రీన్ చూసి మళ్లీ పైకి చూస్తే అది మనవైపు వస్తోందో పోతోందో తెలియదు, ఒక్కోసారి అసలు దొరకదు. కాబట్టి ఎగురుతున్నంతసేపూ కళ్లు ఆకాశంలోనే ఉండాలి, రిమోట్‌తో పనంతా వేళ్లతో, చెవులతో జరగాలి. నేను ఏ రిమోట్‌నైనా ఈ ఒక్క కొలతతోనే చూస్తాను. కలర్ స్క్రీన్ బాగుంటుంది, ఇంట్లో కూర్చుని సెట్టింగులు పెట్టుకోవడానికి సుఖంగా ఉంటుంది, కాదనను, కానీ ఫిబ్రవరి మధ్యాహ్నం పొలంలో దాన్ని చూసే పని ఉండకూడదు.

ముందు స్టిక్కులు. వీలైతే కొనేముందు ఎవరిదైనా అదే రకం ఒకసారి చేతిలోకి తీసుకో. స్టిక్ వదిలేస్తే సరిగ్గా మధ్యకి వస్తోందా, వచ్చి అటూ ఇటూ ఊగుతోందా, వేలికి ఎక్కడైనా పట్టేసినట్టుందా చూసుకో. చవక రిమోట్లలో స్టిక్ కింద పొటెన్షియోమీటర్ ఉంటుంది, అది లోపల రాసుకుని రాసుకుని అరుగుతుంది, దుమ్ము పడితే మధ్యలో విలువ వణుకుతుంది. హాల్ సెన్సర్ అయితే అయస్కాంతంతో పనిచేస్తుంది, రాసుకునేది ఏమీ లేదు, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మోటారు విమానంలో మధ్యలో చిన్న వణుకు తెలియదు. థర్మల్‌లో, అంటే పైకి లేచే వేడి గాలిలో, గ్లైడర్‌ని సన్నగా, ఒకే వంపులో గుండ్రంగా తిప్పుతున్నప్పుడు ఆ వణుకే ఎత్తుని తినేస్తుంది. ఈ విషయంలో మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దురా.

ఇక ఎడమ స్టిక్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన పొలాల్లో గ్లైడర్ బతకడం దీని మీదే ఆధారపడి ఉంటుంది. మోడ్ 2 అనే స్టిక్కుల అమరికలో ఎడమ స్టిక్ పైకీ కిందికీ వెళ్లేది థ్రాటిల్, అంటే మోటారు వేగం. గ్లైడర్‌లో అది మోటారుకి కాదు, బ్రేకుకి పెట్టుకోవాలి, మోటారుని ఒక స్విచ్ మీదికి మార్చెయ్యాలి. ఎందుకో లెక్క చూడు. నా గ్లైడర్ ఒక మీటరు దిగడానికి సుమారు పదిహేను మీటర్లు ముందుకి పోతుంది. నీలగిరి చెట్లని దాటి పది మీటర్ల ఎత్తులో వచ్చిందంటే, ఊరికే వదిలేస్తే నూటయాభై మీటర్లు పోయాక గాని నేల తాకదు. మన దగ్గర కోతలయ్యాక ఖాళీగా ఉన్న మడి ఎంత ఉంటుంది? ముప్పై, నలభై అంగలు. చుట్టూ గట్లు, ఒక పక్క కాగితం మిల్లుకి పోయే నీలగిరి తోట, ఇంకో పక్క కరెంటు తీగ. అక్కడ దింపాలంటే బ్రేకు కావాలి.

ఆ బ్రేకుని క్రో అంటారు. రెండు ఫ్లాపులూ బాగా కిందికి, అరవై డిగ్రీలు పైగా దిగుతాయి, ఎయిలెరాన్లు రెండూ కొంచెం పైకి లేస్తాయి. గాలి ఆనుతుంది, వేగం పడిపోతుంది, గ్లైడర్ నిటారుగా కిందికి దిగుతుంది గానీ చేయి జారదు. అయితే బ్రేకు వెయ్యగానే ముక్కు పైకి లేస్తుంది, దానికి సరిపడా ఎలివేటర్ కిందికి దానంతట అదే కలవాలి. అది కూడా సమంగా కాదు, మొదటి కొంచెం బ్రేకుకే ఎక్కువ కావాలి, తర్వాత తగ్గాలి. అంటే నాలుగైదు పాయింట్ల కర్వ్ గీసుకునే వీలుండాలి. కాబట్టి ఏ రిమోట్ గురించైనా ఈ ఒక్క ప్రశ్న అడుగు: బ్రేకుని ఎడమ స్టిక్ మీద పెట్టి, దానికి ఎలివేటర్ కర్వ్ కలిపి, అవసరమైనప్పుడు అది ఫ్లైట్ మోడ్‌ని బట్టి (అదేంటో కింద చెప్తాను) మారేలా చేసుకోగలనా? అవునంటే అది గ్లైడర్ రిమోట్. కాదంటే దాని మీద ఎన్ని ఛానెళ్లు రాసి ఉన్నా మనకొద్దు. ఇంకోటి, ఎడమ స్టిక్ టకటకా పళ్ల మీద కదిలేలా కాకుండా నున్నగా కదిలేలా మార్చుకో, వెనక మూత తీస్తే లోపల చిన్న రేకు పట్టీ, స్క్రూ ఉంటాయి.

ఫ్లైట్ మోడ్లంటే రెక్క వంపుని పనిని బట్టి మార్చుకోవడం. థర్మల్‌లో ఫ్లాపులు కొద్దిగా కిందికి, వేగంగా పోవాలంటే కొద్దిగా పైకి. మూడు స్థానాల స్విచ్ ఒకటి, చూపుడు వేలు సహజంగా ఆనే చోట ఉండాలి. చేత్తో విసిరే గ్లైడర్ మీద మనసుంటే, రెక్క చివర పట్టుకుని గుండ్రంగా తిరిగి విసురుతారే, అవి పోటీల్లో 1.5 మీటర్ల రెక్కకి మించవు, అప్పుడు రిమోట్ ఒక్క చేతిలో ఇమడాలి, తేలిగ్గా ఉండాలి, నొక్కి పట్టుకుంటే లాంచ్ మోడ్, వదిలితే మామూలు మోడ్ వచ్చే స్ప్రింగ్ స్విచ్ ఉండాలి. పెద్ద రిమోట్లు ఇక్కడ బరువే.

చెవి సంగతి చెప్పాలి. గ్లైడర్‌లో గాలి పీడనాన్ని కొలిచే చిన్న వేరియో పెడితే, పైకి పోతున్నప్పుడు రిమోట్ సన్నగా గబగబా కూస్తుంది, దిగుతుంటే బొంగురుగా మూలుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మజ్జిగౌరమ్మ గుడి దాటాక పొలాల మీద గద్దలు గుండ్రంగా తిరుగుతుంటే అక్కడ థర్మల్ ఉందని ఎప్పుడూ తెలుసు, ఆ రోజు గద్దల పక్కకి గ్లైడర్‌ని పంపితే చేతిలో రిమోట్ కూయడం మొదలెట్టింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, ఎలివేటర్ లాగినా వేగం ఎత్తుగా మారి అది కూస్తుంది, ఆ కూతని నమ్మి తిరగడం మొదలెడితే దిగిపోతావు. స్టిక్ కదపకుండా రెండు మూడు సెకన్లు విను.

ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిమోట్లు నాకు నచ్చడానికి సగం కారణం మాటలే. మెమరీ కార్డులో సౌండ్ ఫైళ్లు ఉంటాయి, మన గొంతు రికార్డు చేసి పెట్టుకోవచ్చు. మా అమ్మాయి గొంతుతో "థర్మల్", "బ్రేకు వేశావు", "బ్యాటరీ అయిపోతోంది నాన్నా" అని పెట్టాను. స్విచ్ వేస్తే ఏ మోడ్‌లో ఉన్నానో తెలుగులో వినిపిస్తుంది, తల దించే పనే లేదు. చుట్టూ చేరే పిల్లలు ఒడియాలో, కువిలో, తెలుగులో ఒకేసారి ప్రశ్నలు వేస్తుంటారు, అంత గోలలోనూ ఆ గొంతు నాకు తెలిసిపోతుంది.

పేర్లు అడిగావు కదా. ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 ఆరు ఛానెళ్లది, నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, ఫోమ్ గ్లైడర్‌తో నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ ఫ్లాపులు, క్రో అనేసరికి ఇరుకైపోతుంది. నీకు రేడియోమాస్టర్ బాక్సర్ గానీ టీఎక్స్12 గానీ సరిపోతుంది, స్క్రీన్ నలుపు తెలుపు, నాకది ఎండలో ఇంకా నయమనిపిస్తుంది. నా దగ్గరున్నది టీఎక్స్16ఎస్, పెద్దది, మెడకి పట్టీ వేసుకుంటేనే హాయి. ఎడ్జ్‌టీఎక్స్ మొదట ఖాళీ పలకలా ఉంటుంది, అన్నీ మనమే కట్టుకోవాలి, మొదటి వారం తల పట్టుకుంటావు, నేనున్నాను. రిమోట్‌ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి కలిపి పికాసిమ్ అనే గ్లైడర్ సిమ్యులేటర్‌లో వానాకాలం అంతా సాధన చెయ్యొచ్చు, అది ఉచితం.

ఫ్రీక్వెన్సీ 2.4 గిగాహెర్ట్జ్‌దే తీసుకో. మన దేశంలో దానికి లైసెన్సు అక్కర్లేదు. 915 మెగాహెర్ట్జ్‌వి దూరం పోతాయని చెప్తారు, అది అమెరికా కోసం చేసినది, మన దగ్గర ఆ చుట్టూ మొబైల్ ఫోన్లు నడుస్తాయి. 2.4 కి ఒక బలహీనత, కార్బన్ ఫైబర్‌లోంచి సరిగా పోదు, గ్లైడర్ శరీరం కార్బన్‌ది అయితే యాంటెన్నాలు బయటికి తీయాలి. తడి చెట్ల వెనక్కి పోయినా సిగ్నల్ పడిపోతుంది.

నా గ్లైడర్ ఒకటి అలాగే పోయింది. నాలుగేళ్ల కిందట నాగావళి వైపు నీలగిరి తోట అవతలికి తక్కువ ఎత్తులో తీసుకెళ్లాను, సిగ్నల్ తెగింది. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచడం) పెట్టలేదు నేను, గ్లైడర్‌లోని రిసీవర్ చివరి స్థానాలనే పట్టుకుని ఉండిపోయింది, గ్లైడర్ నెమ్మదిగా తిరుగుతూ గాలి వాలున కొట్టుకుపోయింది. రెండు రోజుల తర్వాత జీడితోటలో పశువులు కాసే కుర్రాడికి దొరికింది, ఒక రెక్క విరిగి. మనిషి మీద పడి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది. కాబట్టి బైండ్ చెయ్యగానే, అంటే రిమోట్‌ని రిసీవర్‌తో జత చెయ్యగానే, ఫెయిల్‌సేఫ్: మోటారు ఆగాలి, బ్రేకు పడాలి, రడ్డర్ కొద్దిగా తిరగాలి, అప్పుడు దగ్గర్లోనే దిగుతుంది. ప్రొపెల్లర్ తీసేసి, గ్లైడర్ నేల మీద ఉండగా రిమోట్ ఆపి కళ్లారా చూడు. పెట్టానులే అనుకుంటే సరిపోదు. ఎగరేసే చోటు ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో (డిజిటల్ స్కై) పచ్చగా ఉందో లేదో కూడా చూసుకో, పచ్చ జోన్‌లో 120 మీటర్ల వరకే.

పార్సిల్ రాగానే ఎగరేసెయ్యకు. శనివారం సాయంత్రం రైలుకి రాయగడ వచ్చెయ్, ఆ రాత్రి కూర్చుని మిక్సులు (ఏ స్టిక్కుకి ఏవేవి కలిసి కదలాలో ఆ లెక్కలు) కడదాం, నీ సౌండ్లు అత్త గొంతుతో రికార్డు చేద్దాం, ఆదివారం పొద్దున్నే గాలి లేవకముందు మడిలో ముప్పై అంగల దూరం నడిచి రేంజ్ చెక్ (సిగ్నల్ అందుతోందో లేదో పరీక్ష) చేద్దాం. సెల్లులు చార్జ్ చేసి తీసుకురా.