ఆగిపోయిన పత్రికకు వెబ్‌సైటు: డ్రూపల్‌తో నా అనుభవం

ఎప్పుడో ఆగిపోయిన ఒక సాహిత్య పత్రిక సంచికలన్నిటినీ రచయిత పేరుతోనో, ప్రక్రియతోనో, సంచిక తేదీతోనో వెతుక్కునే వీలుండేలా ఒకచోట చేర్చే పని నాకు అప్పగించినప్పుడు, నేను వెబ్‌సైట్లు నిర్మించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రూపల్‌ను ఎంచుకున్నాను. వ్యాసాలను తేదీల వరుసలో ప్రచురించడమే కావలసి ఉంటే వర్డ్‌ప్రెస్ సరిపోయేది, నేర్చుకోవడమూ సులువే. కానీ ఇక్కడ ఒక రచయితకు అనేక రచనలు, ఒక సంచికలో అనేకమంది రచయితలు, ఒక నవల అనేక సంచికల్లో. ఈ సంబంధాలను చూపలేని సైటు వల్ల పరిశోధకులకు ఒరిగేది పెద్దగా ఉండదు. డ్రీస్ బైటార్ట్ 2001లో విడుదల చేసిన డ్రూపల్‌లో కోర్ అనే మూలభాగం ఉంటుంది. అందులోనివి కూడా చాలావరకు మాడ్యూళ్లే, అంటే ఒక్కో పని చేసే విడిభాగాలే. కావలసినవాటిని ఆన్ చేసుకుని, లేనివాటిని బయటినుంచి చేర్చుకుంటాం.

అవసరమైన కోడ్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే కంపోజర్ సాయంతో ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేమీ కాదు. అసలు శ్రమంతా కంటెంట్ టైపులను, అంటే సైటులో ఏయే రకాల పేజీలు, ఒక్కోదానిలో ఏయే ఫీల్డులు (సమాచారపు గడులు) ఉండాలో నిర్ణయించడంలో ఉంది, దాన్ని నేను కంప్యూటర్ ముట్టుకోకుండా కాగితం మీదే చేశాను. రచన, రచయిత, సంచిక అన్న మూడూ స్పష్టంగానే కనిపించాయి. రచయిత పేరును రచనలో మామూలు అక్షరాల ఫీల్డుగా పెడితే, ఒకే వ్యక్తి పేరు మూడు రకాలుగా అచ్చయినచోట సైటు ముగ్గురు రచయితలను చూపిస్తుంది. అందుకని రచయితకు విడిగా ఒక పేజీ ఉంచి, రచన నుంచి, మరో పేజీని సూచించే ఎంటిటీ రిఫరెన్స్ ఫీల్డుతో దాన్ని కలిపాను. కలంపేర్లన్నీ ఆ రచయిత పేజీలోనే ఉంటాయి. అయితే ఆ సంచికలో పేరు ఏ రూపంలో అచ్చయిందో అదీ సాహిత్య చరిత్రలో భాగమే కాబట్టి, దాన్ని యథాతథంగా నమోదు చేయడానికి రచనలోనే మరొక ఫీల్డు చేర్చాను. కథ, కవిత, సమీక్ష వంటి ప్రక్రియలకు టాక్సానమీ (వర్గీకరణ పదాల జాబితా) చాలు. ధారావాహికల విషయంలో మాత్రం చాలా ఆలోచించవలసి వచ్చింది: ప్రతి భాగమూ ఒక సంచికకు చెందిన విడి రచనే, అయినా పాఠకుడికి కావలసింది మొత్తం నవల. చివరికి ధారావాహికను నాలుగో కంటెంట్ టైపుగా చేసి, భాగం సంఖ్యను రచనలో ఉంచాను. డ్రూపల్‌లో సమాచారం చేరిన తరువాత ఒక ఫీల్డు రకాన్ని మార్చడం కుదరదు, కొత్త ఫీల్డు సృష్టించి అంతా అందులోకి తరలించాల్సిందే. కాబట్టి ఈ ఆలోచనకు ఎంత సమయం పట్టినా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

పునాది కుదిరాక, సమాచారాన్ని జాబితాలుగా చూపే వ్యూస్ మాడ్యూల్ చేసిన మేలు నన్ను నిజంగా ఆనందపరిచింది. 2015లో వచ్చిన డ్రూపల్ 8 నుంచి అది కోర్‌లోనే ఉంది. కోడ్ ఒక్క వాక్యం రాయకుండా, ఒక రచయిత పేజీ తెరవగానే ఆయన రచనలన్నీ సంచికల వరుసలో కనిపించేటట్లు, తెరిచిన పేజీని బట్టి జాబితాను వడపోసే కాంటెక్స్చువల్ ఫిల్టరుతో ఏర్పాటు చేయగలిగాను.

బయటి మాడ్యూళ్ల విషయంలో నేను పిసినారిగానే ఉన్నాను. డ్రూపల్ భద్రతా బృందం పరిధిలో ఉందా, ప్రస్తుత వెర్షన్‌కు స్థిరమైన విడుదల ఉందా, నివేదించిన లోపాలకు నిర్వాహకులు స్పందిస్తున్నారా అని చూశాకే దేన్నయినా చేర్చాను. పేజీల వెబ్ చిరునామాలు వాటంతట అవే ఏర్పడేందుకు పాథ్‌ఆటో, దానికి అవసరమైన టోకెన్, శోధన యంత్రాల కోసం మెటాట్యాగ్, ఇవి తప్పనిసరి అనిపించాయి.

అంతకుముందే స్ప్రెడ్‌షీట్‌లో తయారై ఉన్న విషయసూచికను మైగ్రేట్ మాడ్యూల్‌తో ఎక్కించాను. ముందు రచయితలు, తరువాత సంచికలు, ధారావాహికలు, ఆఖరున రచనలు అన్న క్రమం ముఖ్యం, ఎందుకంటే రచన దేన్ని సూచిస్తుందో అది అప్పటికే ఉండాలి. ఫలితం నచ్చకపోతే రోల్‌బ్యాక్ ఆదేశంతో అంతా తీసివేసి, నిబంధన సవరించి మళ్లీ నడపవచ్చు. ఈ వెసులుబాటు వల్ల నిర్భయంగా పనిచేయగలిగాను.

సైటు నిర్మాణానికి సంబంధించిన అమరికలను డ్రూపల్ యామల్ అనే రూపంలోని టెక్స్ట్ ఫైళ్లుగా ఎగుమతి చేస్తుంది, పాఠకులు చదివే సమాచారం డేటాబేస్‌లో ఉంటుంది. ఈ విభజనను మొదటినుంచీ పాటించి, ఫైళ్లను మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రపరచడం వల్ల, నా కంప్యూటర్‌లో చేసిన మార్పును అసలు సైటుకు చేర్చేటప్పుడు అక్కడ ఇతరులు నమోదు చేస్తున్న రచనలకు ఏ ఇబ్బందీ కలగలేదు. నమోదు చేసేవారికి చిత్తుప్రతి వరకే అనుమతి ఇచ్చి, ప్రచురించే అధికారం సంపాదకులకు ఉంచడానికి కోర్‌లోని కంటెంట్ మోడరేషన్ సరిపోయింది.

సైటు తెరుచుకున్నాక మిగిలేది సంరక్షణ. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో బయటపడ్డ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (డేటాబేస్‌కు దొంగ ఆదేశాలు పంపే వీలిచ్చేది) విషయంలో, ప్రకటన వెలువడిన 7 గంటల్లోగా సరిచేసుకోని ప్రతి సైటూ దాడికి గురైనట్టే భావించాలని భద్రతా బృందం హెచ్చరించింది. భద్రతా ప్రకటనలు సాధారణంగా బుధవారాల్లో వస్తాయి కాబట్టి, ఆ రోజు వాటిని చూసి, డేటాబేస్ నకలు తీసి, అప్‌డేట్‌ను ముందు పరీక్షా సైటులో నడిపి, రచయితల పేజీలు, ధారావాహికల వరుస సరిగా ఉన్నాయని చూసుకున్నాకే అసలు సైటుకు ఎక్కిస్తున్నాను.