"అందరికీ ఉండేదే" అన్నారు

2021లో ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో, స్కాన్ రిపోర్టు కింద 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని ఉంది, అంటే లివర్‌లో కొవ్వు చేరిందని. డాక్టరు తలెత్తి చూడకుండానే "ఇది అందరికీ ఉండేదే, నూనె తగ్గించండి" అన్నారు. ఫైలు బీరువా మీద పడేశాను.

మూడేళ్లకు ఇన్సూరెన్సు కోసం మళ్లీ పరీక్షలు, అటు తిప్పి ఇటు తిప్పి చివరికి ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే పరీక్ష. 11.4 వచ్చింది. 7 లోపు ఉంటే ఫరవాలేదట. 11 దాటిందంటే లివర్‌లో మచ్చలు ముదిరినట్టే, లివర్ పూర్తిగా గట్టిపడి పాడయ్యే సిర్రోసిస్ గుమ్మంలో ఉన్నట్టే. రిపోర్టు చేతికొచ్చింది శుక్రవారం సాయంత్రం. స్పెషలిస్టు దొరికేది సోమవారం.

ఆ రాత్రంతా మా మేనమామే కళ్ల ముందు. చివర్లో పొట్ట కుండలా ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలైపోయాయి. ఆయన తాగేవాడు. నేను బీరు కూడా ముట్టలేదు. రెండు గంటలప్పుడు మా ఆవిడ లేచి కూర్చుంది. "ఏమండీ, తిట్టను. నిజం చెప్పండి, పార్టీల్లో తాగుతున్నారా?" అంది. రోగం సంగతి మర్చిపోయి ఆ మాటకే ఏడ్చాను.

సోమవారం ఆ స్పెషలిస్టు డాక్టరమ్మ మొదట మా ఆవిడకే చెప్పారు. పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు మొదలవడం, మూడు పూటలా అన్నం, కూల్‌డ్రింకులు... ఈ జబ్బు రావడానికి ఇవి చాలట, తాగుడు అక్కర్లేదట. అందుకే 2023లో ఈ జబ్బు పేరులోంచి ఆల్కహాల్ మాటే తీసేశారట. ఆ డాక్టరమ్మకు నేను రుణపడి ఉంటాను.

కానీ తర్వాత నా పాత ఫైలు తీసి, వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి ఫోన్లోనే ఏదో లెక్క కట్టారు. ఫిబ్-4 అట, లివర్‌లో మచ్చలున్నాయేమో అంచనా వేసే లెక్క. 1.3 దాటితే ఇంకో పరీక్ష చేయించాలి. నాది అప్పుడే 1.7. నాలుగు అంకెలూ 2021 కాగితాల్లోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేని లెక్క! ఒళ్లు మండిపోయింది.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందని 2025లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే 2021లో ఆ డాక్టరు అన్నది నిజమే. ఊరందరికీ జ్వరమొస్తే మందివ్వడం మానేస్తారా?

బరువులో పదో వంతు తగ్గితే మచ్చలు కూడా వెనక్కి తగ్గొచ్చన్నారు. పద్నాలుగు నెలల్లో 86 నుంచి 77కి వచ్చాను. రాత్రి జొన్నరొట్టె, పొద్దున నడక, చక్కెర లేని కాఫీ. మొన్న ఫైబ్రోస్కాన్‌లో 7.6 వచ్చింది. అమ్మ మాత్రం ఇదంతా యాదగిరి నర్సన్న దయే అంటుంది. నా తలనీలాలు మొక్కుకుందట. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఇచ్చి వచ్చాను, మనస్ఫూర్తిగానే.

నిన్న మా బామ్మర్ది ఫోను. "బావా, గ్రేడ్ 1 అట, అందరికీ ఉండేదేనట" అని నవ్వుతున్నాడు. ప్లేట్‌లెట్లు ఎన్నిరా అని అడిగాను.