ఎండిన చెరువులో విమానం ట్యాంకు

కాలిఫోర్నియాలోని ఎల్ మిరాజ్ వెళ్దామంటే మా మేనల్లుడు "ఎడారి తప్ప అక్కడేముంది మామయ్యా?" అన్నాడు. వాడుండేది లాస్ ఏంజెలెస్‌లో. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు పాత కార్లను విప్పి, కోసి, తమకు నచ్చినట్టు మళ్ళీ కట్టుకుని పరిగెత్తించిన నేల అది. ఎన్నాళ్ళుగానో చూడాలనుకుంటున్నాను.

ముందురోజు పొమోనాలో వాలీ పార్క్స్ పేరిట ఉన్న మ్యూజియం చూశాం. యుద్ధంలో ఆయన పసిఫిక్ వైపు ట్యాంకు దళంలో పనిచేశాడు. తిరిగొచ్చాక, 1951లో, రోడ్ల మీద ప్రాణాలు తీసుకుంటున్న కుర్రకారుని పద్ధతైన పందేల వైపు మళ్ళించడానికి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ పెట్టాడు. అక్కడి పాత ఫోర్డుల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. 1932లో ఫోర్డు తెచ్చిన వి-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను మొదట్లో ఇచ్చింది 65 హార్స్‌పవరే. దాన్నుంచి ఇంకెంతో శక్తి పిండుకున్నారు ఈ కుర్రాళ్ళు.

పాత కార్లే ఎందుకంటే, 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు కార్ల తయారీ ఆపేశారు. యుద్ధం ముగిశాక కూడా కొత్త కారు దొరకడం గగనమైంది. పాత ఫోర్డు మాత్రం చవక. సైన్యం చాలామందికి ఇంజన్ల పని, వెల్డింగు, రేకు పని నేర్పించి పంపింది. అలెక్స్ జిడియాస్ అనే ఆయన 1946లో వైమానిక దళం నుంచి బయటికి రాగానే బర్బ్యాంక్‌లో ఇలాంటి కార్ల విడిభాగాల దుకాణం తెరిచాడు. అదే సో-కాల్ స్పీడ్ షాప్.

ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి కహోన్ కనుమ ఎక్కి, మొహావీ ఎడారిలోకి దిగాం. ఎల్ మిరాజ్ అంటే ఎండిపోయిన చెరువు. నెర్రెలిచ్చిన ఒండ్రు మట్టి, బల్లపరుపుగా కనుచూపు మేర. యుద్ధానికి ముందు ఈ పందేలకు పేరున్న మ్యూరాక్ చెరువుని సైన్యం తీసేసుకుంది. ఇప్పటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అక్కడే. దాంతో పందేలు ఇటొచ్చాయి.

నా కళ్ళు వెతుకుతున్నది కనబడింది, బెల్లీ ట్యాంక్! యుద్ధవిమానం కింద తగిలించే అదనపు పెట్రోలు ట్యాంకు. పసిఫిక్‌లో వాటిని చూసిన బిల్ బర్క్, 1946లో ఒకదాన్ని కొని కారుగా మార్చేశాడు. తరువాత పి-38 విమానం ట్యాంకు తీసుకుని, మనిషిని ముందు, ఇంజన్ని వెనక పెట్టాడు. గాలిని చీల్చడానికే పుట్టిన ఆకారం, పైగా మిగులు సరుకుగా చవగ్గా అమ్మేవారు. ఆ తెలివికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

దగ్గరికెళ్ళి చూస్తే కోడిగుడ్డంత నున్నగా ఉంది. పై సగం, కింది సగం కలిసేచోట చిన్నచిన్న స్క్రూలు వరసగా. నాలుగు చక్రాలూ బయటికే. మనిషి పట్టే సందు ఎంతంటే, భుజాలు ముడుచుకుని దూరాలి. దాని యజమాని డెబ్బై దాటినాయన. వియత్నాంలో హెలికాప్టర్లు బాగుచేశాడట. "ఇంటికొచ్చాక నన్నెవరూ ఏమీ అడగలేదు. మా వీధిలో ఒకాయన మాత్రం షెడ్డులోకి పిలిచి, స్పానర్ చేతికిచ్చాడు" అన్నాడు. ఆ పిలిచినాయన పాత యుద్ధం నుంచి వచ్చినవాడట. ఆ మాటకి మావాడు ఫోను జేబులో పెట్టేసి, ఆయన పక్కనే కూర్చుండిపోయాడు.

ఒక్కో కారే గడియారంతో పోటీపడుతుంది. ఈ ట్యాంకుని వెనక నుంచి ట్రక్కు నెట్టుకెళ్ళింది. ఇంజను అందుకోగానే ట్రక్కు ఆగిపోయింది, అది ముందుకు దూకింది. కాసేపటికి దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు, చప్పుడు మాత్రం గుండెల్లో తగిలింది.

లాస్ ఏంజెలెస్ వెళ్ళేవాళ్ళు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. పందేలు మే నుంచి నవంబరు దాకా జరుగుతాయి, తేదీలు ముందే చూసుకోండి. ఆగస్టులో మాత్రం వీళ్ళంతా యూటాలోని బొనవిల్ ఉప్పునేలల మీద ఉంటారు, 1949 నుంచీ అదే ఆనవాయితీ. నీళ్ళూ టోపీ మరిచిపోకండి, చెరువులో నీడనిచ్చే చెట్టు ఒక్కటీ లేదు.