చిన్న ఆఫీసులో నెట్‌కి గడియ: ఏ తలుపుకి, ఎక్కడ

పలాస-కాశీబుగ్గలో ఓ జీడిపప్పు వ్యాపారి ఆఫీసంటే ఆరో ఎనిమిదో కంప్యూటర్లు. రెండింట్లో ట్యాలీ, ఒకదాంట్లో ఈ-వే బిల్లులు, ఇంకోదాంట్లో బ్యాంకు పని. యజమాని అడిగేది మాత్రం ఒకటే: "యూట్యూబ్ ఆపేయండి." ఆపొచ్చు. కానీ అందరి జేబుల్లోనూ ఫోన్ డేటా ఉంది, క్రికెట్ చూసేవాణ్ణి రౌటర్ ఆపలేదు. అది కాపాడగలిగింది లెక్కలూ బ్యాంకు లాగిన్‌లూ ఉన్న కంప్యూటర్లని. కాబట్టి వాటి నుంచే మొదలెట్టండి.

ముందు వైరు సంగతి. ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బాలో సెట్టింగులు చాలావరకు మన చేతిలో ఉండవు. దాని లాన్ పోర్టు నుంచి కేబుల్ తీసి సొంత రౌటర్ వాన్ పోర్టుకి ఇవ్వండి. డబ్బా 192.168.1.1 మీద ఉంటే మీ రౌటర్‌ని 192.168.10.1కి మార్చండి. రెండూ ఒకే వరుసలో ఉంటే నెట్ రాదు, తప్పు కేబుల్ మీదికి పోతుంది. డబ్బాలో వైఫై ఆపేయడం మర్చిపోవద్దు. దాని పాస్‌వర్డ్ డబ్బా కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. వీధి తలుపుకి తాళం వేసి దొడ్డిగుమ్మం తీసి వదిలేసినట్టే.

సైటు పేరుని చిరునామా అంకెలుగా మార్చి చెప్పేది డీఎన్ఎస్. రౌటర్‌లో దానికి 1.1.1.3, 1.0.0.3 పెడితే మాల్‌వేర్, బూతు సైట్లు ఆగుతాయి. యూట్యూబ్ లాంటివి ఈ జాబితాలో ఉండవు, వాటిని రౌటర్‌లోనే విడిగా రాయాలి. ప్రతి కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైలు (సైటు పేర్లకి చిరునామాలు చేత్తో రాసే ఫైలు) రాసుకుంటూ పోవద్దు. అందులో "ఈ డొమైన్, దాని కింద ఉన్నవన్నీ" అని రాయడానికి వీల్లేదు.

ఇక్కడితో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. ఎవరైనా కంప్యూటర్‌లో డీఎన్ఎస్‌ని గూగుల్ వాళ్ల 8.8.8.8 అని మార్చుకుంటే అంతా వృథా. అందుకే డీఎన్ఎస్ ప్రశ్నలు వాడే 53వ పోర్టుకి పోయే ప్రతిదాన్నీ, యూడీపీ, టీసీపీ రెండూ, రౌటర్ వైపే మళ్లించే రూలు రాయాలి. మైక్రోటిక్ లాంటి రౌటర్లలో ఇది రెండు లైన్ల పని. గుట్టుగా పోయే డీఎన్ఎస్ వాడే 853వ పోర్టు మూసేయండి. ఐపీవీ6 (కొత్త రకం నెట్ చిరునామాలు) వాడకపోతే ఆపేయండి. మళ్లింపు రూలు పాత రకం ఐపీవీ4కే రాసి ఉంటుంది, ఆపకపోతే ప్రశ్నలు పక్కదారిన పోతాయి. పరీక్షకి నిరోధించిన సైటు పేరు పక్కన 8.8.8.8 కూడా ఇచ్చి ఎన్ఎస్‌లుకప్ (పేరుకి చిరునామా అడిగే కమాండ్) కొట్టండి. అసలు చిరునామా కాకుండా 0.0.0.0 గానీ మీరు రాసిన చిరునామా గానీ వస్తే మళ్లింపు పనిచేస్తున్నట్టు.

మిగిలింది బ్రౌజర్ మామూలు వెబ్ పేజీలు వెళ్లే 443వ పోర్టులోంచి గుట్టుగా అడిగే డీఎన్ఎస్. దాన్ని రౌటర్‌తో పూర్తిగా పట్టుకోవడం కష్టం, బ్రౌజర్‌లోనే ఆపాలి.

లెక్కల కంప్యూటర్లకి నా ఓటు తలకిందుల పద్ధతికి: అన్నీ మూసి, కావలసినవే తెరవడం. దీన్ని డీఎన్ఎస్‌లో చేస్తే నరకం. ఒక్క బ్యాంకు పేజీ కూడా బొమ్మల్నీ స్క్రిప్టుల్నీ ఎక్కడెక్కణ్ణుంచో తెచ్చుకుంటుంది. క్రోమ్ పాలసీ (క్రోమ్ బ్రౌజర్‌కి కంప్యూటర్‌లో రాసిపెట్టే రూలు) అయితే తెరిచే పేజీనే చూస్తుంది, లోపలి బొమ్మల జోలికి పోదు. ట్యాలీ బ్రౌజర్ కాదు కనక దాని లైసెన్సు పనికీ అడ్డం రాదు. విండోస్ హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచే చోటు) చాలు. లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దారిలో యూఆర్ఎల్‌బ్లాక్‌లిస్ట్ అనే కీ, అందులో 1 అనే పేరుతో స్ట్రింగ్, విలువ * గుర్తు. పక్కనే యూఆర్ఎల్‌అలోలిస్ట్‌లో 1, 2, 3 అని వరుసగా జీఎస్టీ, ఈ-వే బిల్లు, ఆదాయపు పన్ను, బ్యాంకు డొమైన్లు. డొమైన్ రాస్తే దాని కింద ఉన్నవీ వస్తాయి. చలాను కట్టేటప్పుడు పేమెంట్ గేట్‌వే పేజీ వేరే డొమైన్‌కి దూకి ఆగిపోతుంది, కాబట్టి జాబితా ఖాయం చేసేముందు ఒక చలాను చివరిదాకా కట్టి చూడండి. ఇందాక చెప్పిన గుట్టు డీఎన్ఎస్ ఆగడానికి డీఎన్ఎస్‌ఓవర్‌హెచ్‌టీటీపీఎస్‌మోడ్‌ని ఆఫ్ చేయండి. ఎడ్జ్‌కి ఇదంతా మైక్రోసాఫ్ట్, ఎడ్జ్ దారిలో మళ్లీ రాయాల్సిందే.

ఈ పాలసీకి ఇంకో లాభం ఉంది. ఫోన్‌ని యూఎస్‌బీతో తగిలించి హాట్‌స్పాట్ వాడితే రౌటర్ రూలు ఒక్కటీ తగలదు. క్రోమ్‌లో రాసింది మాత్రం అప్పుడూ ఉంటుంది. కాకపోతే సిబ్బంది లాగిన్ అడ్మిన్‌ది కాకూడదు. అడ్మిన్ అనుమతి లేకుండానే ఎక్కే బ్రౌజర్లు కొన్ని ఉన్నాయి, నెలకోసారి చూసి తీసేయండి.

ఫోన్లని నిషేధించడం కుదరదు. ఈ-వే బిల్లు లాగిన్‌కి ఓటీపీ వచ్చేది వాటికే, సరుకు మాట్లాడేది వాట్సాప్‌లోనే. వాటికి వేరే గెస్ట్ వైఫై ఇచ్చి, అన్నిటికీ కలిపి 10 ఎంబీపీఎస్ హద్దు పెట్టి, కంప్యూటర్లు కనబడకుండా చేస్తే చాలు. ఫోన్ ఫోన్‌కీ మ్యాక్ చిరునామాతో (ప్రతి ఫోన్‌కీ ఉండే నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) రూళ్లు రాయొద్దు. ఆండ్రాయిడ్ 10 నుంచీ ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు అసలు మ్యాక్ బదులు తయారు చేసుకున్నది చూపిస్తాయి.

భోజనాల వేళ 1 నుంచి 2 దాకా గెస్ట్‌లో అన్నీ తెరుద్దామనుకుంటే ఒక మెలిక. చాలా చిన్న రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే తేదీ 1970కో, ఆగినప్పటి టైముకో పోతుంది. నెట్ నుంచి సరైన టైము ఇచ్చే ఎన్‌టీపీ సర్వర్ పెట్టి, టైమ్ జోన్ 5:30 అని చూసుకోండి. డబ్బాకీ రౌటర్‌కీ చిన్న డీసీ యూపీఎస్ తగిలించండి, అడాప్టర్ మీద వోల్టులు చదివాక.