గాలి పడవను ముంచదు

ఇంద్రియాణాం హి చరతాం యన్మనోఽనువిధీయతే
తదస్య హరతి ప్రజ్ఞాం వాయుర్నావమివాంభసి

భగవద్గీత రెండో అధ్యాయం సాంఖ్యయోగంలో 67వ శ్లోకం ఇది. విషయాల వెంట తిరిగే ఇంద్రియాల్లో ఏ ఒక్కదాని వెనక మనసు పోయినా, నీటి మీది పడవను గాలి లాక్కుపోయినట్టు అది మనిషి వివేకాన్ని లాక్కుపోతుందని అర్థం. స్థితప్రజ్ఞుడి గురించి, అంటే బుద్ధి నిలకడగా ఉన్నవాడి గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా 62, 63 శ్లోకాలే పట్టుకుంటారు. సంగం, కామం, క్రోధం, బుద్ధినాశం అన్నీ అక్కడ మెట్లు మెట్లుగా ఉంటాయి కాబట్టి ఉపన్యాసానికి అనువు. నేను మాత్రం ఏళ్లుగా ఈ పడవ దగ్గరే ఆగిపోతున్నాను.

పడవకు ప్రమాదం అనగానే మనకు మునిగిపోవడమే గుర్తొస్తుంది. కృష్ణస్వామి ఆ మాట అనలేదు. గాలి పడవను లాక్కుపోతుందన్నాడు. పడవకు చిల్లు పడదు, లోపలికి నీళ్లు రావు, కూర్చున్న మనిషి క్షేమంగానే ఉంటాడు. చేరాల్సిన రేవు మాత్రం దూరమైపోతూ ఉంటుంది. మునుగుతుంటే కేకలు వేస్తాం, ఎవరో ఒకరు వస్తారు. మెల్లగా పక్కకు తోసే గాలికి ఎవరు కేక వేస్తారు? వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట పుట్టి మీద చేపలకు పోయేవాళ్లను చూడండి. గుండ్రటి పుట్టికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఆపితే చాలు, గాలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఐదు ఇంద్రియాలూ కలిసి రానక్కర్లేదు. మనసు ఒక్కదాని వెంట పోయినా చాలు.

మా మేనమామ సోమవారం ఒక్కపొద్దు తప్పని మనిషి. ఎవరినీ పరుషంగా ఒక మాట అన్నవాడు కాదు. సాయంత్రం పూట నలుగురితో పేకాటకు కూర్చునేవాడు, అంతే. మొదట ఎడ్లు పోయాయి, తర్వాత బోరు కింది పొలం పోయింది. మనిషి ఏ రోజు చెడిపోయాడో చెప్పమంటే మా అత్తమ్మ ఇప్పటికీ చెప్పలేదు. అలాంటి రోజు ఒకటి ఉంటే కదా! అన్ని రోజులూ కొంచెం కొంచెంగా తోశాయి. ఇప్పుడు ఆ పేకలు ఫోన్‌లోకి వచ్చాయి, బెట్టింగ్ యాప్‌లు వచ్చాయి, ప్రతి ఊళ్లో బెల్టు షాపు ఉంది.

శివరాత్రి జాగరణ చూస్తే నాకు కడుపు మండిపోతుంది. పగలంతా ఉపవాసమని నాలుకను కట్టేస్తారు, రాత్రయ్యేసరికి కన్నునూ చెవినీ జాతరకు వదిలేస్తారు. లోపల లింగోద్భవ కాలం అభిషేకం నడుస్తుంటే బయట మంటపంలో రీల్స్ మోత. గుడి వెనక లైటు కింద పేకలు. నిద్రపోలేదు కాబట్టి జాగరణ అయిందంటారు. శివుడి కోసం మేలుకున్నది ఎంతసేపు నాయనా?

అదే వాడపల్లిలో లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎత్తులో ఉన్నది రెపరెపలాడుతూ ఉంటుంది, ఆయన ఊపిరి తగిలే కదులుతుందని మన విశ్వాసం. కింది దీపం కదలదు. వచ్చినవాళ్లంతా కదిలే దీపాన్ని చూసి చేతులు జోడించి, మురిసిపోయి బయటికొస్తారు. ఆ రెండో దీపం దగ్గర కూడా కాస్త నిలబడండి. 'యథా దీపో నివాతస్థో నేంగతే', గాలి లేనిచోట దీపం కదలనట్టు అని గీత ఆరో అధ్యాయం ధ్యానయోగంలో కృష్ణస్వామి చెప్పిన యోగి చిత్తం అక్కడ కళ్లెదుట ఉంది.

మనకు అంత నిశ్చలత ఎక్కడిది అంటారు. అదే అధ్యాయంలో దానికీ జవాబుంది. 'యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరం', మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచే వెనక్కి తీసుకురమ్మన్నాడు. పోతుందని ఆయనకు తెలుసు. తెడ్డు వెయ్యమని మాత్రమే అడుగుతున్నాడు.

వచ్చే శివరాత్రికి ఫోన్ ఇంట్లో పెట్టి రండి. పంచాక్షరి మధ్యలో మనసు పత్తి రేటు మీదికో, పిల్ల పెళ్లి మీదికో పోతే టెన్షన్ పడకండి, మళ్లీ నమశ్శివాయ దగ్గరికి తెచ్చుకోండి. నిజంగా ఆగలేని నిద్ర వస్తే అక్కడే గుడి అరుగు మీద పడుకోండి, శివుడు ఏమీ అనుకోడు. కానీ గుడి వెనక నుంచి ఎవరన్నా 'రారా, ఒక్క ఆట' అని పిలిస్తే మాత్రం పోకండి. తమ్ముళ్లారా, మీకు దండం పెడతాను, ఆ ఒక్క ఆటకు పోకండి.