తయారీదారు కోడ్లు చదివే స్కానర్ కోసం వెతుకులాట: నా అనుభవం

నా కారులో ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) దీపం, ట్రాక్షన్ కంట్రోల్ దీపం వెలిగి ఆరకుండా ఉండిపోయాయి గాని, చెక్ ఇంజిన్ దీపం మాత్రం వెలగలేదు. ఇంట్లో ఉన్న చిన్న బ్లూటూత్ రీడరును స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలిస్తే లోపాన్ని తెలిపే కోడ్లేవీ లేవని చూపింది. వర్క్‌షాపువారు తమ యంత్రం పెట్టి చూసి, ఏబీఎస్ మాడ్యూల్, అంటే ఆ వ్యవస్థను నడిపే కంప్యూటర్ భాగం, మొత్తం మార్చాలన్నారు. ఏ కోడు వచ్చిందో కాగితం మీద రాసివ్వమని అడిగితే, అది తమ పనికి సంబంధించిన విషయమని, నాకు అవసరం లేదని సమాధానమిచ్చారు. నా బండిలోని లోపం సంఖ్యను నాకే చెప్పకుండా నా చేత అంత ఖర్చు పెట్టించబోవడం నాకు సమ్మతం కాలేదు. కోడు నేనే చదువుకోవాలని నిశ్చయించుకుని స్కానర్ కోసం వెతకడం మొదలుపెట్టాను. ఆ వ్యవహారం ఈ మధ్యే ముగిసింది కాబట్టి, వివరాలు మరచిపోకముందే రాసి పెడుతున్నాను.

కోడ్ల నిర్మాణం తెలుసుకోవడం కష్టం కాలేదు. మొదటి అక్షరం పీ అయితే ఇంజిను, గేర్‌బాక్సు. సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ వంటి ఛాసిస్ భాగాలు. బీ అయితే ఎయిర్‌బ్యాగులు, ఏసీ వంటి బాడీ భాగాలు. యూ అయితే మాడ్యూళ్ల మధ్య సమాచార మార్గం. తర్వాతి అంకె సున్నా అయితే అది ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) జే2012 ప్రమాణం నిర్ణయించిన ఉమ్మడి కోడు, ఒకటి అయితే తయారీదారు సొంతంగా పెట్టుకున్న కోడు. పీ1259 అంటే హోండా బండ్లలో వాల్వులను నియంత్రించే వీటెక్ వ్యవస్థలో లోపం, పీ1349 అంటే టయోటా బండ్లలో వాల్వ్ టైమింగ్ వ్యవస్థలో లోపం. అవే సంఖ్యలకు మరో కంపెనీ వేరే అర్థం పెట్టుకోవచ్చు. అమెరికాలో 1996 నుంచి ఓబీడీ-2ను (బండి తన లోపాలను తానే కనిపెట్టి ఈ సాకెట్ ద్వారా చెప్పే పద్ధతిని) తప్పనిసరి చేసిన నిబంధన పొగ కాలుష్యాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది. అందువల్ల చౌక రీడరు ఇంజిన్ కంప్యూటర్‌ను మాత్రమే ప్రశ్నించి ఊరుకుంటుంది. ఏబీఎస్ మాడ్యూల్‌ను అసలు పలకరించదు. నా రీడరు కోడ్లు లేవని చూపడానికి కారణం అదే.

సాకెట్ సంగతి కూడా త్వరగానే తేలింది. పదహారు పిన్నుల్లో 6, 14 పిన్నుల మీద ప్రధాన క్యాన్ మార్గం (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల జత) నడుస్తుంది. కొన్ని పిన్నులను కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఫోర్డ్ అనేక మోడళ్లలో 3, 11 పిన్నుల మీద రెండో క్యాన్ మార్గాన్ని నడిపింది. ఆ పిన్నులకు మారలేని అడాప్టరుకు (సాకెట్‌కు తగిలించే పరికరానికి) ఆ మార్గం మీదున్న మాడ్యూళ్లు కనబడవు. ఈఎల్‌ఎం327 అనే చిప్పు పేరుతో దొరికే నకిలీ అడాప్టర్లలో చాలావాటికి అసలు చిప్పు అర్థం చేసుకునే ఆదేశాలన్నీ తెలియవు, కాబట్టి తయారీదారు కోడ్ల కోసం వాటిని నమ్ముకోకూడదు.

నన్ను నిజంగా సతాయించింది, అవమానించింది కూడా, స్కానర్ ఏ బండిలో ఏం చదువుతుందో తెలుసుకునే ఘట్టం. ఒక విక్రేత ప్రకటనలో అన్ని కంపెనీలు, అన్ని వ్యవస్థలు, అన్ని కోడ్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను కొనకముందే మోడల్, తయారైన సంవత్సరం, ఇంజిన్ రకం రాసి, ఈ బండి ఏబీఎస్ మాడ్యూల్‌లోని తయారీదారు కోడ్లను అర్థంతో సహా చూపుతుందా, నాలుగు చక్రాల వేగాన్ని లైవ్ డేటాలో, అంటే అప్పటికప్పుడు వచ్చే కొలతల్లో, విడివిడిగా చూపుతుందా అని అడిగాను. అన్ని బండ్లకూ పనిచేస్తుందని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. మళ్లీ అడిగితే వారు పంపిన పట్టికలో నా మోడల్ పేరు ఎదురుగా ఏబీఎస్ గడిలో టిక్కు ఉంది. ఆ టిక్కుకు అర్థం కోడు చదవడమా, చెరపడమా, లైవ్ డేటా చూపడమా, లేక మాడ్యూల్‌తో పలకరింపు కుదరడం మాత్రమేనా అన్నది ఆ పట్టికలో ఎక్కడా లేదు. ప్రకటనలో చెప్పినట్టు పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామన్న మాటను రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే డబ్బు కట్టాను.

యంత్రం వచ్చింది, బండి గుర్తింపు సంఖ్యను దానంతట అదే చదివింది, ఏబీఎస్‌లోకి వెళ్లి సీ1తో మొదలయ్యే ఒక కోడును కూడా చూపింది. దాని ఎదురుగా ఉన్న వివరణ మాత్రం ఇది: తయారీదారు నియంత్రణలోని కోడు, బండి సర్వీస్ మాన్యువల్ చూడండి. నేను డబ్బు పెట్టి కొన్నది ఆ అర్థం కోసమే. ఇదే సంగతి ఫోన్లో చెబితే, విక్రేత తరఫు మనిషి, సంఖ్య కనబడుతోంది కాబట్టి యంత్రం బాగానే ఉన్నట్టని, ఇవి మెకానిక్‌లు వాడుకోవలసిన పరికరాలని, ఏమీ తెలియనివాళ్లు కొని తర్వాత ఇలాగే గొడవ చేస్తారని నాతో అన్నాడు. నేను ఆ మాటను ఇప్పటికీ జీర్ణించుకోలేకపోతున్నాను. తన సరుకు ఏం చేస్తుందో తనకే తెలియని మనిషి, తెలుసుకుని అడుగుతున్నవాడిని తెలియనివాడు అనడం అన్యాయం. నేను గొంతు పెంచలేదు. ప్రకటన పాఠాన్ని, నా ప్రశ్నను, వారి జవాబును, స్క్రీన్ ఫొటోను వరుసగా పెట్టి, అన్ని కోడ్లు అన్న మాటకు ఈ తెర ఎలా సరిపోతుందో చెప్పమని రాశాను. పూర్తి డబ్బు వాపసు వచ్చింది. అడగవలసినది కొనకముందే కాగితం మీద అడిగి ఉంచడం వల్లే అది సాధ్యమైందని గర్వంగా చెప్పగలను.

ఆ తర్వాత అన్ని కంపెనీలకూ సరిపోతాయనే యంత్రాల వైపు నేను చూడలేదు. ఒకే కంపెనీ బండ్ల కోసం తయారైన సాఫ్ట్‌వేర్, దానికి తగిన కేబుల్ ఉన్నాయేమో చూశాను. ఫోర్డ్, మాజ్డా బండ్లకు ఫోర్‌స్కాన్, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లకు వీసీడీఎస్ ఇలాంటివే. నా బండి కంపెనీకీ అటువంటిది దొరికింది. తెర అందంగా లేదు, నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి. కానీ అదే సీ1 కోడును అది ఎడమ వెనుక చక్రం వేగ సెన్సార్ సర్క్యూట్ అని విప్పి చెప్పింది. కోడు చివర 13 అనే అదనపు సంఖ్యను కూడా చూపింది. కొత్త బండ్లలో కోడు చివర లోపం రకాన్ని తెలిపే ఇటువంటి సంఖ్య ఉంటుంది: 11 అంటే సర్క్యూట్ గ్రౌండుకు (బండి లోహపు బాడీకి) తగలడం, 12 అంటే బ్యాటరీ వైపు తగలడం, 13 అంటే తెగిపోవడం. మొదటి యంత్రం ఈ తోకను చూపనే లేదు. అది లేకపోతే మాడ్యూలా, సెన్సారా, వైరా అన్నది ఊహకు వదిలేసినట్టే.

లైవ్ డేటాలో మూడు చక్రాల వేగాలు కలిసి నడుస్తుంటే నాలుగోది సున్నా దగ్గరే ఆగిపోయింది. సెన్సార్ వైరు సస్పెన్షన్ పక్కన వంగే చోట, పై తొడుగు లోపల రాగి తీగ తెగి ఉంది. వైరు బాగుచేయించి, కోడు చెరిపి, బండి నడిపాక దీపాలు మళ్లీ వెలగలేదు. వర్క్‌షాపువారు మార్చాలన్న మాడ్యూల్ ఇప్పటికీ అదే బండిలో పనిచేస్తోంది.

స్కానర్ కొనబోయేవారు విక్రేతను నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మీ మోడల్‌లో, మీ సంవత్సరంలో, ఏ మాడ్యూల్‌లో ఏ పని చేస్తుందో, తయారీదారు కోడుకు అర్థం చూపుతుందో లేదో, అప్‌డేట్ చందా గడువు తీరాక యంత్రం పాత సమాచారంతోనైనా పనిచేస్తుందా, లేక పూర్తిగా ఆగిపోతుందా, మీ బండిలో బయటి పరికరాలను అడ్డగించే సెక్యూరిటీ గేట్‌వే ఉంటే దానికి అనుమతి ఉందా. ఫియట్ క్రైస్లర్ 2018 ప్రాంతం నుంచి తన బండ్లలో పెట్టిన గేట్‌వే, అనుమతి లేని పరికరాన్ని చాలావరకు కోడ్లు చదవనిస్తుంది గాని చెరపనివ్వదు. జవాబు సూటిగా రాకపోతే ఆ విక్రేతను వదిలేయండి. వర్క్‌షాపుకు వెళ్లినా, కోడు రాసివ్వకముందే చెరిపేసే చోట బండి వదలకండి. ఇంజిన్ కోడు చెరిపితే లోపం వచ్చిన క్షణంలో కంప్యూటర్ భద్రపరచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. స్కాన్ చేసే ముందు బ్యాటరీ వోల్టేజి చూడండి. బ్యాటరీ బలహీనంగా ఉంటే లేని లోపాలకు యూ కోడ్లు పుట్టుకొస్తాయి. నేను ఇప్పుడు అన్ని మాడ్యూళ్లూ ఒకసారి స్కాన్ చేసి, ఆ నివేదికను తేదీ, కిలోమీటర్ల రీడింగుతో సహా దాచి పెట్టుకున్నాను. ఇకమీదట వచ్చే ప్రతి కోడునూ దానితో పోల్చి చూస్తాను.